చెట్టు రబ్బరు, చమురు రబ్బరు

తాడేపల్లిగూడెం రైసుమిల్లుల్లో ధాన్యం మీది ఊకను వలిచేది ఇనుము కాదు, రబ్బరు. షెల్లర్ అనే యంత్రంలో రెండు రబ్బరు రోలర్లు పక్కపక్కనే ఉంటాయి. రెండూ లోపలివైపుకు, ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి. ఒకటి వేగంగా తిరిగితే రెండోది దానికన్నా కాస్త నిదానంగా తిరుగుతుంది. మధ్య సందు వడ్లగింజ మందం కన్నా తక్కువ. గింజ అందులో పడగానే వేగమున్న రోలరు ఒక పక్కను ముందుకు ఈడుస్తుంది, నిదానంగా తిరిగేది రెండో పక్కను పట్టి ఉంచుతుంది. ఆ పెనుగులాటలో ఊక విడిపోతుంది. లోపలి బియ్యం మాత్రం నలగదు. గింజ ఒత్తుకున్న చోట రబ్బరే లోపలికి అణిగి, అది దాటిపోగానే మళ్లీ పైకి లేస్తుంది.

అంతకుముందు హల్లర్లు ఉండేవి. ఇనుప గొట్టంలో గాళ్లు పడిన ఇనుప సిలిండరు తిరుగుతూ ధాన్యాన్ని రాపిడి పెట్టేది. ఊక, తవుడు, సన్న నూక అన్నీ కలిసి ఒకే పొడిగా బయటికొచ్చేవి. వంద కిలోల ధాన్యానికి చేతికొచ్చే బియ్యం 53 నుంచి 55 కిలోలు. ఇవాళ ప్రభుత్వం మిల్లర్లకు ధాన్యమిచ్చి బియ్యం తీసుకునేటప్పుడు పచ్చిబియ్యమైతే క్వింటాలుకు 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు లెక్కగట్టి అడుగుతుంది. ఈ తేడా అంతా రబ్బరు చలవే అనలేం. జల్లెడలు, పాలిషర్లు, ఊకను ఎగరేసే గాలి యంత్రాలు కూడా మారాయి. అయినా గింజ విరగకుండా బయటపడడం రోలర్ల దగ్గరే మొదలవుతుంది. 1958 నాటి రైస్ మిల్లింగ్ పరిశ్రమ చట్టం కింద 1970 ప్రాంతంలో హల్లర్లు మార్చమని ప్రభుత్వం మిల్లర్ల వెంట పడింది ఇందుకోసమే.

ఈ రోలర్లు ఎక్కువగా తెల్లగానో, లేత గోధుమరంగులోనో ఉంటాయి. టైరులో కలిపే నల్లటి కార్బన్ పొడిని ఇందులో కలిపితే, అరిగినకొద్దీ ఆ మసి బియ్యానికి అంటుతుంది. అందుకని రబ్బరు గట్టిపడడానికి సిలికా అనే తెల్లటి పొడి కలుపుతారు. ఈ సిలికాకూ మన ఊకకూ ఉన్న సంబంధం సంగతి కాసేపట్లో చెప్పుకుందాం.

ఇంతకీ ఈ రోలరులోని రబ్బరు ఎక్కడిది? తయారుచేసే కంపెనీని బట్టి కొంత చెట్టుది, కొంత ముడిచమురుది. చెట్టు నుంచి వచ్చేది సహజ రబ్బరు, చమురు నుంచి చేసేది సింథటిక్ రబ్బరు. బజారులో మొదటిది ‘ఒరిజినల్’ అనీ, రెండోది నకిలీ అనీ అనుకోవడం మామూలు. ఈ అపోహతో చెరువు మీద ఇంజనుకో, మిల్లులో మోటారుకో తప్పు సరుకు బిగించి డబ్బు పోగొట్టుకునేవాళ్లున్నారు. నేను చెప్పదలిచింది ఇదే: ఏ రబ్బరైనా అసలుదే, అది చేయవలసిన పనే వేరు.

ముందు చెట్టు సంగతి. పాలుకారే చెట్లు మనకు కొత్త కావు. మర్రి, జిల్లేడు, పనస, దేన్ని గిల్లినా తెల్లటి పాలు వస్తాయి. వీటిలోనూ కొద్దిపాటి రబ్బరు ఉంది గానీ జిగురు పాలే ఎక్కువ. మర్రి జాతికే చెందిన ఒక చెట్టు నుంచి 19వ శతాబ్దంలో అస్సాం అడవుల్లో రబ్బరు తీశారు కూడా. చివరికి ప్రపంచం నమ్ముకున్నది మాత్రం బ్రెజిల్ అమెజాన్ అడవుల్లోని హెవియా చెట్టును. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు దాని గింజలు సుమారు 70,000 లండన్ దగ్గరి క్యూ తోటకు చేర్చాడు. వాటిలో మొలిచినవి మూడు వేలకు లోపే. ఆ మొక్కల్లో ఎక్కువ భాగం సిలోన్‌కు వచ్చాయి. అక్కడినుంచీ సింగపూర్ నుంచీ మలయాలోనూ, జావా, సుమత్రా దీవుల్లోనూ తోటలు లేచాయి. మన దేశంలో మొదటి వాణిజ్య తోట 1902లో కేరళలో, పెరియార్ ఒడ్డున తట్టెక్కాడ్‌లో వేశారు.

నాటిన ఏడేళ్లకు గానీ చెట్టు గీతకు రాదు. పాలు ఉండేది బెరడులో, కొయ్యకు అంటుకునే ఉన్న సన్నని నాళాల్లో. గీత ఆ నాళాలను తెంచాలి, కొయ్యను తాకకూడదు. తాకితే ఆ గాయం మాననంతకాలం అక్కడ మళ్లీ పాలు తీయలేరు. వాలుగా గీసి, కింద చిప్పో గిన్నో కట్టి, తెల్లవారుజామునే పని ముగిస్తారు. ఎండెక్కితే చెట్టులో నీటి ఒత్తిడి తగ్గి పాలు సరిగా కారవు. వచ్చిన పాలలో మూడో వంతు చిల్లర రబ్బరు, మిగతాది ఎక్కువగా నీరు. ఫార్మిక్ ఆమ్లం కొద్దిగా కలిపితే పాలు విరిగి గడ్డకడతాయి. ఆ గడ్డను పల్చటి షీట్లుగా నొక్కి, పొగగదిలో ఆరబెట్టి అమ్ముతారు. చేతి గ్లోవ్స్‌కూ బెలూన్లకూ మాత్రం పాలనే గడ్డకట్టకుండా అమ్మోనియా కలిపి, చిక్కబరిచి పంపుతారు.

ఇన్ని పంటలు పండే ఏలూరు చుట్టుపక్కల రబ్బరు ఎందుకు లేదు? హెవియాకు ఏడాదికి 2,000 మిల్లీమీటర్ల వాన కావాలి, అదీ నెలనెలా సర్దుకుని కురవాలి. మనకు పడేది అందులో సగం, అదీ నైరుతి, ఈశాన్య రుతుపవనాల్లోనే. కొల్లేటి నల్లరేగడిలో నీరు నిలుస్తుంది, ఆ చెట్టుకు వేళ్లు తడిసి ఉండడం పడదు. పైగా తుఫాను గాలికి దాని కొమ్మలు తేలిగ్గా విరుగుతాయి. మెట్ట ప్రాంతంలో ఆయిల్‌పామ్ నిలదొక్కుకుంది, దానికి జాతీయ పరిశోధన సంస్థే పెదవేగిలో ఉంది. రబ్బరు చూడాలంటే గోదావరి దాటి మారేడుమిల్లి, రంపచోడవరం ఏజెన్సీకి వెళ్లాలి. అక్కడి చల్లదనం, వాన, కొండవాలు దానికి సరిపడతాయి.

దేశం మొత్తానికి చూసినా చెట్టు రబ్బరు చాలడం లేదు. 2023-24లో మన దిగుబడి సుమారు 8.5 లక్షల టన్నులు, వాడకం 14 లక్షల టన్నుల పైమాటే. పండేదాంట్లో అధికభాగం కేరళది, రెండో స్థానం త్రిపురది.

ఇలా వచ్చిన పచ్చి రబ్బరు దాదాపు ఎందుకూ పనికిరాదు. ఎండకు కరిగి జిగటవుతుంది, చలికి బిరుసెక్కి పగులుతుంది. 1830ల్లో దానితో కోట్లు, బూట్లు చేసిన కంపెనీలు వేసవి రాగానే దివాలా తీశాయి. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుకు గంధకం కలిపి వేడిచేసినప్పుడు ఈ జబ్బు కుదిరింది. లోపల జరిగేది ఇది. రబ్బరంటే ఐసోప్రీన్ అనే చిన్న అణువులు వేలకువేలు వరసగా కలిసిన పొడవాటి గొలుసులు. పచ్చి రబ్బరులో అవి విడి దారప్పోగుల్లా పడి ఉంటాయి. లాగితే జారిపోతాయి. గంధకం పోగుకూ పోగుకూ మధ్య ముడి వేస్తుంది. ముడులు పడ్డాక అది వల. వలను లాగితే సాగుతుంది, పోగు మాత్రం ఎక్కడికీ జారదు, వదిలితే మళ్లీ మొదటి రూపానికి వస్తుంది. గంధకం కొద్దిగా వేస్తే రబ్బరు బ్యాండు, ఎక్కువ వేస్తే రాయిలాంటి ఎబొనైట్. ఈ ముడులు తేలిగ్గా విడవు. రబ్బరుకున్న బలమంతా ఇందులోనే ఉంది, పాత టైర్ల సమస్య పుట్టేదీ ఇక్కడే.

మోటారు బళ్లు వచ్చాక రబ్బరు కోసం మలయా అడవులు నరికారు. ఆ తోటల్లో చెమటోడ్చినవాళ్లలో మనవాళ్లున్నారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కంగాణీలనే కూలీ మేస్త్రీలు ఊళ్లకొచ్చి, ముందు కొంత డబ్బు చేతిలో పెట్టి, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలనే ఓడెక్కించారు. అప్పు తీరేదాకా తోట విడిచి రావడానికి లేదు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మలయాను పట్టుకున్నాక, సయాం నుంచి బర్మాకు రైలుమార్గం వేయడానికి ఆ తోటల కూలీలనే తరలించింది. తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఆ అడవుల్లో కలరాతో, ఆకలితో చనిపోయారు. బతికి బట్టకట్టినవాళ్ల మనవలు, మునిమనవలు ఇవాళ మలేషియా తెలుగు సంఘంలో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నారు. రబ్బరు చరిత్ర రాసేవాళ్లు విక్‌హామ్ గింజల గురించి పేజీలకు పేజీలు రాసి, ఈ మనుషులకు ఒక్క వాక్యం కేటాయిస్తే నాకు బాధగా ఉంటుంది. తోట లాభమంతా వాళ్ల తెల్లవారుజాముల మీద నిలబడింది.

సింథటిక్ రబ్బరు పెరగడానికీ ఆ యుద్ధమే కారణం. 1942 ఫిబ్రవరిలో సింగపూర్, మార్చిలో జావా జపాన్ వశమయ్యాయి. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీదా బాంబులు వేశాయి. అమెరికాకు వచ్చే సహజ రబ్బరులో దాదాపు 90 శాతం ఆగిపోయింది. జర్మన్లు అప్పటికే బ్యుటాడయీన్, స్టైరీన్ అనే రెండు రసాయనాలతో రబ్బరు చేస్తున్నారు. అమెరికా అదే దారి పట్టి, 1945 నాటికి నెలకు 70,000 టన్నులు చేయగలిగింది. ముడిచమురు శుద్ధిలో వచ్చే నాఫ్తాను దాదాపు 800 డిగ్రీల వేడిలో విరగ్గొడితే బ్యుటాడయీన్ దొరుకుతుంది. అది మూడు పాళ్లు, స్టైరీన్ ఒక పాలు తీసుకుని, సబ్బునీళ్లలో చిలికి కలుపుతారు. వచ్చేది చూడ్డానికి చెట్టుపాలలాగే తెల్లగా ఉంటుంది. దాన్నీ విరగ్గొట్టి, ఆరబెట్టి, గంధకం వేసి ఉడికించవలసిందే.

మన దేశంలో మొదటి సింథటిక్ రబ్బరు ఫ్యాక్టరీ 1963లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో నడవడం మొదలుపెట్టింది. అక్కడ బ్యుటాడయీన్‌ను చమురు నుంచి కాకుండా ఆల్కహాలు నుంచి తీశారు, ఆ ఆల్కహాలు చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి వచ్చేది. తణుకు పంచదార ఫ్యాక్టరీని ఎరిగినవాళ్లకు మొలాసిస్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అంటే చెరకు నుంచి కూడా టైరు రబ్బరు చేసిన దేశం మనది. తర్వాత చమురు దారి చౌకై, ఇప్పుడు హజీరా, పానిపట్ లాంటి చోట్ల పెద్ద కర్మాగారాలున్నాయి.

ఇక ఏ పనికి ఏ రబ్బరు అన్నది చూద్దాం. కైకలూరు, ఆకివీడుల నుంచి ఐసు పెట్టెల్లో చేపలు నింపుకుని బెంగాల్, అస్సాంలకు వెళ్లే లారీని తీసుకోండి. దాని టైర్లలో సహజ రబ్బరే ఎక్కువ. చెట్టు రబ్బరుకు ఒక గొప్ప గుణముంది. బాగా సాగదీసినప్పుడు దాని గొలుసులు వరసగా సర్దుకుని, ఆ క్షణానికి స్ఫటికంలా గట్టిపడతాయి. ఎక్కడైనా చిన్న చీలిక పడినా ముందుకు పాకకుండా ఆగుతుంది. పైగా బరువుతో నలుగుతున్నప్పుడు అది తక్కువ వేడెక్కుతుంది. విమానం టైర్లు దాదాపు పూర్తిగా దీనితోనే చేస్తారు. అదే రోడ్డు మీద వెళ్లే కారు టైరు తొక్కుడు భాగంలో బ్యుటాడయీన్-స్టైరీన్ రబ్బరు ఎక్కువ. అది అరుగుదలను బాగా తట్టుకుంటుంది, తడిరోడ్డును పట్టుకుంటుంది.

టైరు లోపలి ట్యూబుది మరో జాతి, పేరు బ్యుటైల్. సహజ రబ్బరుతో చేసిన ట్యూబు నుంచి గాలి మెల్లగా జారిపోతూనే ఉంటుంది. బ్యుటైల్‌లోంచి జారేది అందులో పదోవంతు. చెరువుల్లో లారీ ట్యూబును తెప్పగా వేసుకుని వల సర్దేవాళ్లు రోజంతా నీళ్ల మీద నిబ్బరంగా ఉండగలిగేది ఈ గుణం వల్లే.

రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్ గేర్‌బాక్సులోనూ, నీరు తోడే డీజిల్ ఇంజనులోనూ ఉండే ఆయిల్ సీళ్లు మాత్రం నైట్రైల్ రబ్బరుతో చేసినవే కావాలి. ఇక్కడ ‘ఒరిజినల్ రబ్బరు’ అడిగి కొంటే నష్టపోతారు. నమ్మకపోతే సహజ రబ్బరు ముక్కను ఒక రాత్రి డీజిల్‌లో నానబెట్టండి. పొద్దున్నకు ఉబ్బి, మెత్తబడి ఉంటుంది. నైట్రైల్ ముక్క పెద్దగా మారదు. సీలు ఉబ్బితే నూనె కారుతుంది, ఆ నూనె చేరేది రొయ్యలున్న నీటిలోకే. భీమవరం వైపు రొయ్యలు ఒలిచే యూనిట్లలో ఆడవాళ్లు తొడుక్కునే గ్లోవ్స్‌లోనూ ఈ తేడా ఉంది. చెట్టుపాల గ్లోవ్స్ బాగా సాగుతాయి, వేళ్లకు హాయిగా ఉంటాయి. కానీ వాటిలో మిగిలిపోయే చెట్టు ప్రొటీన్లు కొందరికి దురద, దద్దుర్లు తెప్పిస్తాయి. అలాంటివాళ్లకు నైట్రైల్ గ్లోవ్స్ ఇవ్వాలి. అవి ఇవ్వడం యజమాని బాధ్యత.

వంతెన గడ్డర్ల కింద పరిచే నల్లటి దిమ్మెలు క్లోరోప్రీన్. ఎండ, గాలిలోని ఓజోన్ దాన్ని త్వరగా పగలగొట్టలేవు. చెరువు గట్ల మీద పాకే పైపులు, అడుగున పరిచే షీట్లు చాలావరకు ప్లాస్టిక్కే, రబ్బరు కాదు. ప్లాస్టిక్‌ను కరిగించి మళ్లీ పోత పోయవచ్చు. గంధకం పట్టిన రబ్బరు కరగదు, మాడుతుంది.

ఇప్పుడు ఊక మాట. వంద కిలోల ధాన్యానికి సుమారు 20 కిలోల ఊక వస్తుంది. మిల్లు బాయిలర్లలో కాల్చగా మిగిలే బూడిద సుమారు నాలుగు కిలోలు. ఆ బూడిదలో 85 నుంచి 90 శాతం పైగా సిలికా. రోలర్లో కలుపుతారన్నది ఈ సిలికానే. ఇంధనం తక్కువ తాగే కారు టైర్లలో 1990ల నుంచి నల్ల కార్బన్ స్థానంలో చాలావరకు దీన్నే వాడుతున్నారు. మామూలుగా దీన్ని ఇసుక నుంచి తీస్తారు, అందుకు ఇసుకను 1,000 డిగ్రీలు దాటిన వేడిలో కరిగించాలి. ఊక బూడిదకు అంత వేడి అక్కర్లేదు. కాస్టిక్ సోడాలో ఉడికిస్తే సిలికా కరిగి వస్తుంది, ఆమ్లం పోస్తే తెల్లటి పొడిగా అడుగుకు దిగుతుంది. 2014లో గుడ్‌ఇయర్ కంపెనీ ఊక బూడిద సిలికాతో టైర్లు చేస్తామని ప్రకటించింది. ఊక మన మిల్లుల్లో కుప్పలుగా ఉంది. కాస్టిక్ సోడా గోదావరి ఒడ్డున కొవ్వూరులో, దగ్గర్లోని సగ్గొండలో తయారవుతోంది. టైర్లు చేసే పెద్ద ఫ్యాక్టరీలు రాష్ట్రంలోనే తిరుపతి జిల్లా చిన్నపాండూరులో, విశాఖ దగ్గర అచ్యుతాపురంలో వచ్చాయి. ఇన్నీ ఇంత దగ్గర్లో ఉండి, బూడిదను రోడ్ల పక్క గుంతల్లో పోయడం, గాలికి లేచి కళ్లల్లో పడనివ్వడం నాకు మింగుడు పడదు. బూడిదలో కాలని కార్బన్ ఎక్కువుంటే సిలికా నల్లబడుతుంది. కాబట్టి మొదట సరిచేయవలసింది బాయిలరులో మంట.

అరిగిన టైరు సంగతికొస్తే, లారీవాళ్లు రీబటన్ చేయించడం అన్నిటికన్నా మంచి పని. ఒళ్లు బాగుంటే పైపొర మాత్రమే కొత్తది వేసి నడపవచ్చు. అదీ అయ్యాక ముక్కలు చేసి, పొడిచేసి తారులో కలుపుతారు, లేదా గంధకపు ముడులను కొంతవరకు తెంచి మళ్లీ రబ్బరులో కలుపుతారు. 2022 జులై నుంచి టైర్లు తయారుచేసేవాళ్లు, దిగుమతి చేసుకునేవాళ్లు పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత కూడా మోయాలని కేంద్రం నిబంధన తెచ్చింది. చలికాచుకోవడానికో, దోమలకో టైరు ముక్కలు తగలబెట్టేవాళ్లు ఆ పొగలో గంధకపు వాయువులనూ క్యాన్సర్ కారకాలనూ పిల్లల చేత పీల్పిస్తున్నారు.

ఇవన్నీ కళ్లకు కనిపించే టైర్లు. కనిపించనిదొకటి ఉంది. టైరు అరుగుతుందంటే ఆ రబ్బరు పొడై రోడ్డు మీద పడుతోందని అర్థం. ఓజోన్‌కు పగలకుండా టైర్లలో 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలో మరో రసాయనంగా మారి, వాననీటితో వాగుల్లోకి చేరి, అమెరికా వాయవ్య తీరంలో కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020 డిసెంబరులో శాస్త్రవేత్తలు తేల్చారు. గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదే చేపలు ఒక్క వానకే గంటల్లో చచ్చిపోయేవి. ఆ వాగుల్లోనే ఉండే చమ్ సాల్మన్‌కు మాత్రం ఏమీ కాలేదు. ఒక్కో జాతికి ఒక్కో తట్టుకునే శక్తి ఉంటుంది కాబట్టి, ఒక చేపను చూసి ఇంకో చేప గురించి భరోసా పడకూడదు.

మన కొల్లేరు సరస్సుకూ ఇలాంటి దారే ఉంది. దానికి నీరు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుల నుంచీ, చుట్టుపట్ల డ్రైన్ల నుంచీ వస్తుంది. బుడమేరు విజయవాడ మీదుగా, తమ్మిలేరు ఏలూరు మీదుగా వస్తాయి. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి వీటన్నిటినీ దాటుతుంది. ఆ రోడ్ల మీద అరిగిన రబ్బరు తొలకరి వానకు చేరేది ఈ కాలువల్లోకే, బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. అమెరికాలో ఆ రోడ్డునీటినే ఇసుక, కంపోస్టు కలిపిన మట్టిపొర గుండా పోనిచ్చి, ఆ నీటిలో కోహో చేపలను వదిలితే బతికాయి. రోడ్డునీటిని నేరుగా డ్రైనులో కలపకుండా, ముందు అలాంటి మట్టి గుంటలోనో, తుంగ, జమ్ము పెరిగిన మడిలోనో ఇంకించి వదలడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. హైవే విస్తరించినప్పుడూ, డ్రైన్ల పూడిక తీసినప్పుడూ ఇంజనీర్ల అంచనా కాగితాల్లో ఆ గుంటకు ఒక పద్దు ఉందో లేదో ఆయా గ్రామ పంచాయతీలు అడగవచ్చు.